బందరు లాకుల దగ్గర తాళాల కొట్టు లేదు

"సార్, నేను లాకుల దగ్గరే నిలబడి ఉన్నాను. ఇక్కడ కాలువ ఉంది, కొబ్బరిబొండాల బండి ఉంది. మీ కొట్టే కనిపించడం లేదు."

పోయిన నెల మధ్యాహ్నం రెండు గంటలకు, ఎండ మండిపోతున్న వేళ వచ్చిన ఫోను అది. పార్సిల్ తెచ్చిన అబ్బాయి. పెట్టె మీద మా కొట్టు పేరు చివర 'లాక్స్' అని ఉంది. దారిలో ఎవరినో "లాక్స్ ఎక్కడండీ" అని అడిగాడట. ఆ పెద్దమనిషి ఎంతో నమ్మకంగా బందరు లాకులకు దారి చూపించాడు. ఆయన తప్పేమీ లేదు. బెజవాడలో లాకులంటే కాలువ మీది ఆ తలుపులే. నలభై ఏళ్ళుగా నేను అమ్ముతున్నవి కూడా లాకులే, కానీ మా కొట్టును ఇంతవరకూ ఎవరూ లాకుల కొట్టు అనలేదు. తాళాల కొట్టు అంటారు. బోర్డు మీద ఇంగ్లీషు పేరు రాయించింది మా నాన్న. 1971లో కొట్టు పెట్టినప్పుడు అలా రాయిస్తే గౌరవంగా ఉంటుందని ఆయన నమ్మకం. దాని ఫలితం యాభై ఏళ్ళు దాటాక ఈ అబ్బాయి అనుభవించాడు.

వన్‌టౌన్‌కు వచ్చి కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర అడగమని చెప్పాను. అతను వచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. బేరాలు లేని వేళ కదా, ఆ ముప్పావుగంటా ఒకటే ఆలోచన. మా తాతయ్యదీ లాకుల ఉద్యోగమే. దుగ్గిరాల లాకుల దగ్గర లస్కరు, అంటే కాలువ తలుపులు తీసి మూసే మనిషి. ఆయన లాకులు వేరు, నా లాకులు వేరు. ఒకటే మాట మా ఇంట్లో మూడు తరాలకు అన్నం పెట్టిందన్న సంగతి అరవై ఏళ్ళు దాటాక నాకు తట్టింది.

ముందు తాతయ్య లాకు సంగతి చెప్పాలి. ఈ కాలం పిల్లలు కాలువ పక్కనే తిరుగుతారు గానీ లాకు ఏం చేస్తుందో చెప్పమంటే తల గోక్కుంటారు.

కాలువ పల్లానికి పోతుంది. నీటికి ఫరవాలేదు, దూకేస్తుంది. పడవ దూకలేదు. అందుకని నీరు దిగే చోట ఒక పక్కగా రెండు రాతిగోడల మధ్య పొడవైన తొట్టి కట్టి, ఆ కొసన ఈ కొసన జోడుతలుపులు పెడతారు. తలుపులు తిన్నగా మూసుకోవు. నమస్కారం పెట్టిన చేతుల్లా కలుసుకుంటాయి, ఆ చేతుల మొన ఎగువకు తిరిగి ఉంటుంది. ఎగువ నీరు ఎంత బలంగా తోస్తే రెండు రెక్కలూ అంత గట్టిగా ఒకదాన్నొకటి అదుముకుంటాయి. తలుపుల అడుగున చిన్న షట్టర్లు ఉంటాయి. పడవ దిగువ నుంచి వచ్చిందనుకోండి. తొట్టిలోకి రానిచ్చి వెనక తలుపులు వేస్తారు. తాతయ్య ఎగువ తలుపు మీది నడకబల్ల ఎక్కి, ఇనుపపిడి తగిలించి గేరు తిప్పేవాడు. అడుగున షట్టరు లేచి నీళ్ళు సుడులు తిరుగుతూ తొట్టిలోకి వచ్చేవి. పడవ మెల్లగా లేస్తుంటే రాతిగోడ మీది పాచి గీతలు ఒక్కొక్కటే మునిగిపోయేవి. అంతసేపూ తాతయ్య చుట్ట వెలిగించుకుని గట్టు మీద కూర్చునేవాడు. తొందర పడి లాభం లేదు. రెండు వైపులా నీరు సమానం కానిదే ఆ తలుపు పదిమంది తోసినా కదలదు.

ఎందుకు కదలదో పెద్దయ్యాక లెక్క వేశాను. మూడు మీటర్ల వెడల్పు తలుపుకు ఒక వైపు మీటరు లోతున నీరుండి, రెండో వైపు ఏమీ లేకపోతే దాని మీద పడే బరువు దాదాపు టన్నున్నర. నీరు సమానమైతే అదే తలుపును తాతయ్య ఒక్కడే దూలానికి వీపు ఆనించి తోసేసేవాడు. ఐదారేళ్ళ వాడిని, నేను కూడా పక్కన నిలబడి తోసినట్టు నటించేవాడిని. అప్పటికే పడవలు బాగా తగ్గిపోయాయి. సరుగుడు కట్టెల పడవలు, అప్పుడప్పుడు ఉప్పు పడవలు చూసిన గుర్తు.

సాయంత్రం తాతయ్య ఆ ఇనుపపిడిని ఇంటికి తెచ్చేవాడు. రాత్రిపూట ఎవరైనా షట్టర్లు ఎత్తేసి నీళ్ళు మళ్ళించుకుంటారని భయం. వరినాట్ల రోజుల్లో అది ఉత్త భయం కాదు. నాయనమ్మ దాన్ని 'లాకు చెవి' అనేది. తలుపు వెనక మూల నిలబెట్టేది. నా మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఉండేది, బరువు నేను రెండు చేతులా ఎత్తగలిగినంత.

చెవి అనడం నాయనమ్మ చమత్కారం కాదు. తాళానికి చెవి ఉంటుందన్నది తెలుగువాళ్ళందరి మాట. నిజానికి మన తాళం ఒక జంతుప్రదర్శనశాల. వేలాడదీసేది కప్ప, తెరిచేది చెవి. చేతిలో బరువైన పాత ఇత్తడి తాళంకప్ప పట్టుకుని చూడండి, ముందుకాళ్ళు ముడుచుకుని కూర్చున్న కప్పలాగే ఉంటుంది. తాళం అంటే మళ్ళీ భజనలో వేసేది కూడా. తలుపుకు వేసే గడియ ఉంది, పంచాంగంలో ఇరవై నాలుగు నిమిషాల గడియ ఉంది. ఒక్క మాటకు ఇన్ని అర్థాలా అని ఇంగ్లీషును చూసి ఆశ్చర్యపోయే ముందు మన ఇంటి గుమ్మం చూసుకోవాలి.

తలుపుకు వేసేదానికి మనకు తాళం, కప్ప, గడియ, గొళ్ళెం అన్నీ ఉన్నాయి కాబట్టే ఇంగ్లీషు లాకు తలుపు దగ్గర నిలదొక్కుకోలేకపోయింది. ఇప్పటికీ కొట్టుకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది "మంచి తాళం చూపించండి" అనే అంటారు. ఫోనుకు మాత్రం లాకు వేస్తారు. కాలువ దగ్గర అలా కాదు. ఆ వస్తువు మనకు కొత్త, దాంతోపాటే మాటా దిగింది. బందరు లాకులు, ఏలూరు లాకులు, దుగ్గిరాల లాకులు. ఇంగ్లీషు ముక్క రాని రైతు కూడా లాకు అన్నాడు, లాకులన్నాడు, లాకులకాడ అన్నాడు. మాట మనదైపోయిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఇది ఒకవైపు బేరం కాదు. కృష్ణ మీద 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేసిన కట్టను దొరలు తమ కాగితాల్లో 'అనికట్' అని రాసుకున్నారు. అది తమిళుల అణైక్కట్టు, మన ఆనకట్ట. కాటన్ దొర తంజావూరు వైపు కావేరి మీద పని నేర్చుకుని, మాట కూడా వెంట తెచ్చుకున్నాడు. కృష్ణ కట్టను దగ్గరుండి కట్టించినవాడు చార్లెస్ ఆర్ అనే ఇంజనీరు. నదికి అడ్డం కట్టేదానికి మాట మనం ఇచ్చాం, పడవను దింపేదానికి మాట వాళ్ళిచ్చారు. ఆ ఆనకట్ట 1952లో తెగింది. దాని జాగాలో వచ్చిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. బ్యారేజీ మళ్ళీ ఫ్రెంచి మాట. లస్కరు మాట సంగతి చెబితే తాతయ్య మీసం మెలేసేవాడేమో. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. పోర్చుగీసువాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఓడ పనివాళ్ళకు పెట్టారు. అక్కడి నుంచి కాలువ గట్టు ఎక్కింది. మా తాతయ్య ఒంటరి సైన్యం.

ఇక ఇంగ్లీషు లాకు పుట్టుపూర్వోత్తరాలు. లెనిన్ సెంటర్‌లో పాతపుస్తకాల దగ్గర ఎప్పుడో కొన్న నిఘంటువు కొట్టులో గల్లాపెట్టె కింద ఉంటుంది, గల్లాపెట్టె ఎత్తు సరిపోవడానికి. ఆ వేళ దాన్ని బయటికి తీశాను. పాత ఇంగ్లీషులో ఈ మాటకు గడియ, మూత, మూసి ఉంచే చోటు అని అర్థాలు. జర్మన్‌లో దీని దాయాది మాటకు బొక్క అని అర్థం. మూసేదాన్నించి మూసి ఉన్న చోటు, అక్కడి నుంచి గుయ్యారం. పోలీసుల లాకప్పు, బ్యాంకు లాకరు, మిల్లు గేటుకు యజమాని వేసే లాకౌటు, అన్నీ ఈ ఇంటి పిల్లలే. నదికి అడ్డంగా వేసే అడ్డుకట్టకు ఈ మాట మధ్యయుగాల్లోనే పట్టుబడింది. అప్పటికి రెండు తలుపుల లాకు ఇంగ్లాండుకు రాలేదు.

రెండు తలుపుల లాకు చైనావాళ్ళ తెలివి. ఈ కథ చదివినప్పుడు తాళాల వ్యాపారిగా నాకు ఒళ్ళు పులకరించింది. 984లో మహాకాలువ మీద రవాణా చూసే చియావో వెయ్‌యుయె అనే అధికారికి ఒక తలనొప్పి ఉండేది. ఎత్తు మారే చోట పడవలను తాళ్ళతో ఏటవాలు గట్టు మీదికి లాగి, అటువైపు జార్చేవారు. ఆ గుంజుడుకు పడవలు పగిలేవి. పగిలినప్పుడల్లా పన్నుగా వచ్చిన ధాన్యం మాయమయ్యేది. కూలీలు, దొంగలు చేతులు కలిపేవారు. అందుకని ఆయన రెండు తలుపులు పెట్టి మధ్యలో నీటి గది కట్టించాడు. అంటే కాలువ లాకు కూడా దొంగల బాధ పడలేక పుట్టిందే! నమస్కారం చేతుల తలుపులు మాత్రం అయిదు వందల ఏళ్ళ తరవాత ఇటలీలో వచ్చాయి, ఆ ఘనత లియొనార్డో డా విన్సీకి ఇస్తారు. దుగ్గిరాలలో తాతయ్య వీపుతో తోసిన తలుపు చిత్రకారుడి గీత అని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు.

జుట్టు పాయను కూడా లాక్ అంటారు. అది వేరే ఇంటి పిల్ల. పాత ఇంగ్లీషులోనే రెండూ వేరువేరు మాటలు, కాలం గడిచి ఒకే మొహం వేసుకున్నాయి. డిటెక్టివ్ షెర్లాక్ పేరులో ఉన్నది తాళం అనుకునేవాడిని. గుట్టు విప్పేవాడికి తగిన పేరే కదా. తీరా చూస్తే అది జుట్టు. మెరిసే జుట్టువాడని పాతకాలపు ఇంటిపేరు.

వెడ్‌లాక్ అని ఇంకొకటి ఉంది, పెళ్ళి. నా పెళ్ళిలో ఒక మిత్రుడు "తాళాల కొట్టువాడికి తాళి కట్టడం ఎంతసేపు" అని అందరినీ నవ్వించాడు. ఇంగ్లీషువాళ్ళు కూడా పెళ్ళిని తాళమనే అనుకుంటారట, అందులో తాళమేమీ లేదు. మొదటి సగం ప్రమాణం, రెండో సగం పాత ఇంగ్లీషులో 'చేయడం' లాంటి అర్థమిచ్చే తోక. మాట మీద నిలబడడం అన్నమాట. ఇంటికి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను. "మరి నిన్న గ్యాసు బుక్ చేస్తానన్న మాట సంగతి?" అంది.

లాకెట్టు మాత్రం మన కుటుంబమే. గోళ్ళతో నొక్కి తెరిచే ఆ చిన్న డబ్బీ బంగారు కొట్టులో చూస్తే చుట్టరికం తట్టదు. ఫ్రెంచిలో చిన్న గొళ్ళాన్ని అలా అనేవారు. కిటికీకి అడ్డంగా వేసే ఇనుపకమ్మీ మెడలోకి చేరడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. పాతకాలపు తుపాకీలో మందు పేల్చే భాగం కూడా లాకే. లాకు, కొయ్య, గొట్టం మూడూ కలిపి చెబితే ఇంగ్లీషులో 'మొత్తంగా' అని అర్థం. మనం తట్టాబుట్టా సర్దుకుంటాం, వాళ్ళు తుపాకీ సర్దుకుంటారు. ఎవరి సామాను వారిది.

తుప్పు మేకు గుచ్చుకుంటే మా కొట్టులో మొదట వచ్చే భయం ధనుర్వాతం. దాన్ని ఇంగ్లీషువాళ్ళు లాక్‌జా అంటారు, దవడలకు తాళం. ఒకటే జబ్బు. వాళ్ళు మొదట బిగిసే దవడను చూసి పేరు పెట్టారు, మనవాళ్ళు చివర విల్లులా వంగే వెన్నును చూసి పెట్టారు. ఇది చదివిన రోజు కాసేపు అక్కడే ఆగిపోయాను.

2020 మార్చిలో కొట్టుకు తాళం వేసినప్పుడు ఆ మాటే మా నోట్లో నానింది. లాక్‌డౌన్. తాళాలు అమ్మేవాడి షట్టరుకు వారాల తరబడి తాళం. ఆ మాట అమెరికా జైళ్ళ నుంచి వచ్చింది, ఖైదీలను గదుల్లోంచి కదలనివ్వకపోవడం. దానికి ముందు, పందొమ్మిదో శతాబ్దంలో అక్కడే నదుల్లో తేలించే దుంగల తెప్పలు విడిపోకుండా బిగించే కొయ్యముక్కను లాక్‌డౌన్ అన్నారు. ఎటు తిరిగినా ఈ మాట నీటి దగ్గరికే వస్తోంది.

ఎయిర్‌లాక్ అయితే తనతో తానే తగువులాడుతుంది. అంతరిక్షనౌకలో, నీటి అడుగున వంతెన పునాదులు తవ్వే గదిలో ఉండేది తాతయ్య లాకే. నీటికి బదులు గాలి. రెండు తలుపులు ఒకేసారి తెరవరు, మధ్య గదిలో ఒత్తిడి సమానం చేసి మనిషిని దాటిస్తారు. అదే మాట మా పక్కన మోటార్ల కొట్టులో వినిపిస్తే, పైపులో గాలి పట్టి నీళ్ళు రావడం లేదని. ఒకటి దాటించేది, ఒకటి అడ్డుపడేది.

నా తాళానికీ తాతయ్య లాకుకూ చుట్టరికం పేరులోనేనా అని ఎదురుగా ఉన్న ఏడు లీవర్ల తాళం విప్పాను. విప్పిన తాళం ఒకటి ఎప్పుడూ బల్ల మీద ఉంటుంది, బేరానికి వచ్చినవాళ్ళకు చూపించడానికి. లోపల ఏడు పల్చటి ఇత్తడి రేకులు ఒకదాని మీద ఒకటి, ఒక్కొక్కదాని వెనక సన్నటి స్ప్రింగు. ప్రతి రేకుకూ ఒక గాడి, ఏ రెండు గాళ్ళూ ఒక ఎత్తున ఉండవు. తాళంచెవి పళ్ళు తిరిగేటప్పుడు ప్రతి రేకునూ దానికి తగినంత లేపుతాయి. ఏడు గాళ్ళూ ఒక వరసకు వచ్చినప్పుడే నాలుక వెనకున్న చిన్న దిమ్మ ఆ సందులోంచి జారుతుంది. ఒక్క రేకు తక్కువ లేచినా ఆగిపోతుంది, ఎక్కువ లేచినా ఆగిపోతుంది. ఎక్కువైనా పనికిరాదన్న కిటుకు 1778లో రాబర్ట్ బారన్ అనే ఇంగ్లీషువాడు పేటెంటు తీసుకున్నది. అంతకు ముందు తాళాల్లో రేకు ఎంత పైకెత్తినా తెరుచుకునేది, దొంగకు ఒక వంపు తీగ చాలు.

నీరు లేవాలి, రేకు లేవాలి. ఒక ఎత్తుకు రావాలి. తాతయ్య చుట్ట కాలుస్తూ కూర్చున్నది దానికోసమే.

పోయిన సంక్రాంతికి దుగ్గిరాల వెళ్ళినప్పుడు పసుపు యార్డు దాటి లాకుల దాకా నడిచాను. నీరు షట్టర్ల కింద నుంచి పొలాలకు పోతోంది. పడవ కోసం తెరిచేవాళ్ళు లేరు, పడవే లేదు. ఒకప్పుడు కాకినాడలో ఎక్కిన సరుకు ఏలూరు కాలువ మీదుగా బెజవాడ వచ్చి, కృష్ణ దాటి, సీతానగరం నుంచి దుగ్గిరాల, అక్కడి నుంచి కొమ్మమూరు కాలువలో పెదగంజాం, బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు చేరేది. ఈ దారికి 2008లో నాలుగో జాతీయ జలమార్గం అని పేరు పెట్టారు. పేరైతే ఉంది.

ఇంతలో ఆ అబ్బాయి వచ్చాడు, చొక్కా తడిసి ముద్దయి. మంచినీళ్ళు ఇచ్చి, కూర్చోబెట్టాను. అనంతపురం దగ్గర పల్లె. వచ్చి రెండు వారాలు. "అక్కడ కాలువ పక్కన అడిగితే ఇదే లాకులు అన్నారు సార్. నీళ్ళకు బీగం ఎందుకు వేస్తారు?" అన్నాడు. వాళ్ళ వైపు తాళాన్ని బీగం అంటారు. ఇంకో మాట చేరింది లెక్కలోకి.

పడవ సంగతి చెప్పాను. బల్ల మీది ఏడు రేకులు చూపించాను, రెండు అగ్గిపెట్టెలు నిలబెట్టి తలుపులు చూపించాను. కాసేపు చూసి, పార్సిల్ మీద సంతకం పెట్టించుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"మరి ఆ లాకుల బీగంచెవి ఎవరి దగ్గర ఉంటుంది సార్?"

మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా కొలిచి చూపించాను. "ఇంత ఉండేది. మా నాయనమ్మ తలుపు వెనక పెట్టేది."

అతను నవ్వి, వెనక్కి వచ్చి, అద్దెగదికి చిన్న బీగం ఒకటి కావాలన్నాడు. మామిడికాయ ఆకారంలో ఉండే దిండిగల్ తాళం ఇచ్చాను. రెండు చెవులు.